సికిందరాబాదు గాలియు, పాతకారు ఇంజనును

హిందుస్థాన్ మోటార్స్ వారు ఉత్తరపాడాలో దశాబ్దముల తరబడి నిర్మించి 2014లో నిలిపివేసిన అంబాసిడర్ కారు, ఇంగ్లండునందలి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణికి సాక్షాత్ సంతానము. దానియందలి 1489 ఘన సెంటీమీటర్ల ఇంజనునకు తొలుత నిర్ణయింపబడిన కొలతలు ఆనాటి పెట్రోలును, సముద్రమట్టమునకు దాపుననుండు నేలల గాలిని దృష్టియందుంచుకొని వ్రాసినవి. సికిందరాబాదో, సుమారు 540 మీటర్ల యెత్తున దక్కను పీఠభూమిపై నున్నది. ఇచట వాయుపీడనము నూటికి ఇంచుమించు ఆరు పాళ్లు తక్కువ. కావున రాణీగంజ్‌లో విడిభాగములు వెదకి తెచ్చి, మరమ్మతు పుస్తకములోని సంఖ్యలను తు.చ. తప్పక పాటించియు, బండి కుదురుగా నడువలేదని చింతించువారు ఆ సంఖ్యలతో పని మొదలగునే గాని ముగియదని గ్రహింపవలయును.

సిలిండరులో మిశ్రమము అంటుకొనుట తత్క్షణమే ముగియు కార్యము గాదు. ప్లగ్గునొద్ద రవ్వ పుట్టిన పిదప మంట నలుదెసల వ్యాపించుటకు కొంత కాలము పట్టును. నిమిషమునకు 3000 సారులు తిరుగు క్రాంకుషాఫ్టు సెకనులో వేయవవంతు గడచునప్పటికే 18 డిగ్రీలు తిరిగిపోవును. అందువలన పిస్టను శిఖరమును చేరకముందే రవ్వ పుట్టవలయును. వేగము హెచ్చినకొలది మరింత ముందుగా పుట్టవలయును. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోరి తయారు చేయింప, ఆయన గతించిన పిమ్మట గాని చేరని 1912 నాటి రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ నేడు చౌమహల్లా ప్రాసాదమున దర్శనీయమై యున్నది. ఆ తరగతి కార్లలో రవ్వను ముందునకో వెనుకకో జరుపు మీట స్టీరింగు చక్రము నడుమనే యుండెడిది; ఎగువ దారి నొకరీతిని, సమతలమున వేరొకరీతిని దానిని సవరించుటకు డ్రైవరు చెవియే ప్రమాణము. అంబాసిడర్ వంటి తరువాతి కార్లలో ఆ పనిని డిస్ట్రిబ్యూటరులోని చిన్న బరువులును, స్ప్రింగులును, వాక్యూమ్ డయాఫ్రమును చేయుచున్నవి. అయినను మూలస్థానమును నిర్ణయించు భారము నేటికిని మెకానిక్కుదే.

ఇంజను మొరాయించిన తోడనే కార్బురేటర్ స్క్రూపై చేయి వేయుట పెక్కుమంది అలవాటు. ఇది తలక్రిందుల పద్ధతియని నా దృఢమైన అభిప్రాయము; రవ్వ సరిగా లేని ఇంజనునకు ఎంత చక్కని మిశ్రమమందించినను వ్యర్థమే. మొదట టాపెట్ల సందు, పిదప డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల గ్యాప్ చూడవలయును. అంబాసిడర్ ఇంజనునకు పాయింట్ల గ్యాప్ ఇంచుమించు 0.4 మిల్లీమీటరు; అయితే పాయింట్లు కాలి గుంటపడిన యెడల ఫీలర్ గేజ్ సత్యము చెప్పదు. గ్యాప్ పెరిగినచో పాయింట్లు ముందుగా విడివడును, రవ్వ పుట్టు టైమింగ్ కూడ ముందునకు జరుగును. కనుక గ్యాప్ స్థిరపడిన తరువాతనే టైమింగ్ చూడవలయును. పాయింట్ల తీగకును బాడీకిని నడుమ చిన్న బల్బు కలిపి, పుల్లీమీది గుర్తును వలసిన డిగ్రీకి తెచ్చి, డిస్ట్రిబ్యూటరును మెల్లగా త్రిప్పగా బల్బు వెలిగిన క్షణమే పాయింట్లు విడివడిన క్షణము. పిమ్మట దారిమీద టాప్ గేరులో బరువెక్కించినప్పుడు గలగలమని నాకింగ్ వినిపించెనా, కొంచెము వెనుకకు తీయవలయును. మరీ వెనుకబడెనా, ఇంజను వేడెక్కును, పికప్ నశించును.

ఇక ఈ వంశపు ఇంజనులలో పెక్కింటికి అమర్చిన ఎస్.యూ. కార్బురేటర్ పరమసుందరమైన యంత్రము. ఇంజను పీల్చు గాలిని బట్టి కార్బురేటర్‌లోని పిస్టను తనంతట తాను లేచి, దానికి తగిలించిన సన్నని సూది జెట్టులోనుండి జరిగి, పెట్రోలుకు దారి విడుచును. ఇంజను పూర్తిగా వేడెక్కి, చోక్ ఆపివేసి, డాంపర్‌లో నూనె యున్నదని నిశ్చయించుకొనిన తరువాత, పిస్టనును మిల్లీమీటరుకు లోపుగా మెల్లగా ఎత్తి వినవలయును. వేగము పెరిగి నిలిచినచో మిశ్రమము చిక్కన. ఇంజను ఆగబోయినచో పలుచన. క్షణమాత్రము పెరిగి మరల కుదుటపడినచో సరియైనది. జెట్టు క్రింది నట్టును పైకి త్రిప్పిన పలుచనయు, క్రిందికి త్రిప్పిన చిక్కనయు నగును.

ఎత్తైన చోట గాలి పలుచబడుటచే మిశ్రమము సహజముగా కొంచెము చిక్కనగును. కాని నేటి పెట్రోలులో ఎథనాల్ నూటికి 20 పాళ్లు చేరినది. శుద్ధమైన పెట్రోలునకు బరువులో 14.7 పాళ్ల గాలి వలసియుండగా, దీనికి సుమారు 13.5 పాళ్లు చాలును; అనగా పాత జెట్టే యున్నచో మిశ్రమము పలుచనగును. ఈ రెండును ఎదురెదురుగా పనిచేయుచున్నను సరిసమానములు గావు, ఎథనాల్ వలని పలుచదనమే బలవత్తరము. నట్టుతో తీరని కొరతను మరింత సన్నని సూదితో తీర్చవలయును. పాత రబ్బరు గొట్టములను ఎథనాల్ చెరచును గనుక వానిని వెంటనే మార్చుట శ్రేయస్కరము.

తుది పరీక్ష దారిమీదనే. బోయినపల్లి వైపునకు నాలుగైదు కిలోమీటర్లు స్థిరవేగమున నడిపి, ఐడ్లింగ్‌లో ఉంచక ఒక్కసారిగా ఆపి, ప్లగ్గులు విప్పి చూడవలయును. లేత గోధుమవన్నె కుశలమునకు గుర్తు. పొడి మసి చిక్కదనమును, తెల్లని పొక్కులు పలుచదనమును తెలుపును. నాలుగింటిలో ఒక్కటి మాత్రమే వేరు వన్నెతో నున్నయెడల కార్బురేటరును ముట్టరాదు; ఆ సిలిండరు వాల్వునో, ప్లగ్గు తీగనో శోధింపవలయును.