కాగితం తేలికే... కత్తెరే బరువు

స్క్రాప్‌బుక్‌లు, గ్రీటింగ్ కార్డులు, క్విల్లింగ్ బొమ్మలు... ఇంట్లో కూర్చొని చేసే పనే కదా అనుకుంటాం. ఆ కూర్చున్న చోటే మణికట్టు, మెడ, కళ్లు ఎంత శ్రమ పడుతున్నాయో పట్టించుకోం. కాగితపు కళ నేర్పే అమ్మలకు, అక్కలకు, వారి ఇంట్లోవాళ్లకు కొన్ని సూచనలు.

ఆమెకు నలభై రెండేళ్లు. నల్లగొండలో మా ఓపీకి వచ్చినప్పుడు చీటీ మీద వృత్తి దగ్గర ‘గృహిణి’ అని రాసి ఉంది.

‘‘రాత్రి నిద్రల కుడి చెయ్యి మొద్దుబారుతున్నది మేడం. లేచి విదిలిస్తెగాని పోతలేదు’’ అంది.

‘‘ఏమైనా పని చేస్తారా అమ్మా?’’ అని అడిగాను.

‘‘ఏం లేదు మేడం, ఇంట్లనే ఉంట.’’

బయట వరుస పొడుగ్గా ఉంది. నొప్పి తగ్గడానికి మాత్రలు, ఓ విటమిన్ రాసి పంపేశాను. మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి చీటీ కంటే ముందు ఆమె చెయ్యి చూశాను. గోళ్ల చివర ఎండిన ఫెవికాల్ పొర ఉంది. బొటనవేలి మొదట్లో కత్తెర పిడి ఒరుసుకుని చర్మం గట్టిపడి ఉంది. ‘‘ఇదేంటమ్మా?’’ అంటే అప్పుడు చెప్పింది. తను స్క్రాప్‌బుక్‌లు చేస్తుంది. వారంలో మూడు రోజులు ఇంట్లోనే పిల్లలకు పేపర్ క్రాఫ్ట్ క్లాసులు చెబుతుంది. ఆరేళ్లుగా ఇదే పని. కానీ ఆమె దృష్టిలో అది ‘పని’ కాదు.

తప్పు ఆమెది కాదు, నా ప్రశ్నది. ‘పని చేస్తారా?’ అని కాకుండా, ‘రోజంతా చేతులతో ఏమేం చేస్తారు?’ అని అడిగి ఉంటే మూడు వారాలు వృథా అయ్యేవి కావు. ఈ ప్రశ్న మీ ఇంట్లోవాళ్లను మీరూ ఒకసారి అడిగి చూడండి.

ఒక రోజు పని... లెక్క వేస్తే

స్క్రాప్‌బుక్ లేఅవుట్ అంటే సాధారణంగా పన్నెండు అంగుళాల చదరపు పేజీ. మధ్యలో ఫొటో, దాని వెనక రంగు కాగితపు అంచు, పక్కన శీర్షిక, నాలుగు వాక్యాల జ్ఞాపకం, చుట్టూ పూలు, ఆకులు. పాప మొదటి పుట్టినరోజు, అన్నప్రాసన, బతుకమ్మ పండుగ, నాన్న రిటైర్‌మెంట్... ఏదైనా ఆ పేజీలో ఒదిగిపోతుంది. మొదట్లో ఆమె తన పిల్లల ఫొటోలతో చేసుకుంది. తర్వాత చుట్టుపక్కలవాళ్లు అడిగారు. ఆ తర్వాత ‘మా పిల్లకు నేర్పించవా అక్కా’ అన్నారు.

పొద్దున పిల్లల బాక్సులు సర్ది, వంట ముగించేసరికి పదిన్నర. అప్పుడు హాల్లో చాప పరిచి, బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. ఒంటిగంట వరకు ఆర్డర్ల పని. సాయంత్రం క్లాసు. రాత్రి అందరూ పడుకున్నాక మర్నాటి క్లాసుకు సామాను సిద్ధం చేసుకోవడం.

నేను ఆమెను ఒక లెక్క వేసి తీసుకురమ్మన్నాను. క్లాసుకు పన్నెండు మంది పిల్లలు. ఒక్కో పిల్లకు ఇచ్చే కవర్లో పూలు, ఆకులు, అక్షరాలు కలిపి ఇరవై ఐదు ముక్కలు. అంటే మూడు వందల ముక్కలు. ఒక్కో ముక్కకు తక్కువలో తక్కువ నాలుగు సార్లు కత్తెర ఆడితే పన్నెండు వందల సార్లు. అదీ ఒక్క క్లాసుకు! వారానికి మూడు క్లాసులైతే మూడు వేల ఆరు వందలు. అదీ మామూలు కాగితం కాదు. మనం జిరాక్స్ తీసే కాగితం 70-80 జీఎస్ఎం ఉంటుంది. కార్డ్‌స్టాక్ 200, ఆపైన కూడా ఉంటుంది. రెండు, మూడు పొరలు కలిపి కోస్తే బొటనవేలి మీద ఎంత ఒత్తిడి పడుతుందో ఆలోచించండి.

లెక్క చూసి ఆమే ఆశ్చర్యపోయింది. చెయ్యి పాడవుతున్నది పేజీని అందంగా అమర్చడంలో కాదు, క్లాసు ముందు రాత్రి చేసే తయారీలో. అందులో ఆలోచన ఉండదు, ఆగడం ఉండదు, ఒకే కదలిక.

అంతా ఫ్లోరైడేనా?

ఇన్నాళ్లు ఎందుకు రాలేదంటే ‘‘మా దిక్కు నీళ్లతోనే అనుకున్న మేడం’’ అంది. నల్లగొండలో ఈ మాట రోజూ వింటాం. దానికి కారణం లేకపోలేదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లను ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. ఆ బాధ ఈ జిల్లా తరతరాలుగా పడింది.

కానీ ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్‌లో ముఖ్యంగా మెడ, నడుము బిగుసుకుపోతాయి, కీళ్లు వంగవు. రాత్రిపూట మూడు వేళ్లకు మాత్రమే తిమ్మిరెక్కి, విదిలిస్తే తగ్గిపోయే బాధకు కారణం చాలావరకు మణికట్టులోనే ఉంటుంది. ప్రతి నొప్పినీ నీళ్ల మీదకు తోసేస్తే, నయమయ్యే జబ్బును కూడా నయం కాదనుకుని మోస్తూ ఉంటాం.

చెయ్యి చెప్పే మూడు మాటలు

తిమ్మిరి: మణికట్టు దగ్గర ఇరుకైన దారిలోంచి తొమ్మిది స్నాయువులు, ఒక నరం వెళ్తాయి. స్నాయువుల చుట్టూ వాపు వస్తే నరం నలుగుతుంది. ఇదే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం మొద్దుబారతాయి. చిటికెనవేలు మాత్రం బాగుంటుంది. రెండు అరచేతుల వెనక భాగాలను ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి ఉండేలా ఒక్క నిమిషం పట్టుకోండి. తిమ్మిరి మొదలైతే అనుమానించాలి. మధుమేహం, థైరాయిడ్ తక్కువగా ఉండడం, గర్భం ఉన్నవారిలో ఇది ఎక్కువ. అందుకే చక్కెర, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయిస్తాం. మా టీచరమ్మకు ఇదే జబ్బు.

పోటు: బొటనవేలి వైపు మణికట్టు దగ్గర నొప్పి. మూత తిప్పినా, బట్టలు పిండినా, పాపను ఎత్తుకున్నా పోటు పెడుతుంది. 1895లో స్విట్జర్లాండ్ సర్జన్ డి కెర్వాన్ దీన్ని వివరించడంతో ఆయన పేరే పెట్టారు. బొటనవేలిని పిడికిట్లో ముడిచి, మణికట్టును మెల్లగా చిటికెనవేలి వైపు వంచితే నొప్పి సూదిలా గుచ్చుతుంది.

పట్టేయడం: పొద్దున లేవగానే వేలు ముడుచుకుని ఉండిపోయి, బలవంతంగా తీస్తే ‘టక్’మని తెరుచుకోవడం. దీన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటాం. పంచింగ్ మెషిన్లు, గట్టి కత్తెరలు రోజంతా నొక్కేవారిలో కనిపిస్తుంది.

మానడం కాదు, మార్చడం

జబ్బు పేరు చెప్పగానే ఆమె అడిగిన మొదటి ప్రశ్న: ‘‘బంద్ చేయమంటరా మేడం?’’ అడుగుతుంటేనే కళ్లలో నీళ్లు తిరిగాయి. నెలకు వచ్చే ఆ నాలుగు వేల కంటే, ‘క్రాఫ్ట్ టీచర్’ అని పిల్లలు పిలిచే పిలుపు ఆమెకు పెద్దది. అలాంటి పనిని మాన్పించడం వైద్యం కాదు.

మన ప్రాంతంలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. దారాన్ని కొయ్య మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ పరచడమే ఆసు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు తిప్పాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి ఆ పనితో భుజం నొప్పి పడుతుంటే చూడలేకపోయారు. ఆరో తరగతితో చదువాపేసిన ఆయన, ఏళ్ల తరబడి ప్రయత్నించి 1999లో ఆసు యంత్రాన్ని తయారు చేసి దానికి తల్లి పేరు పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అక్కడా అంతే. నేత ఆగలేదు, చెయ్యిని అరగదీసే తయారీ పని మారింది.

ఫ్రెంచ్ చిత్రకారుడు హెన్రీ మతీస్ కథ కూడా ఇలాంటిదే. 1941లో కడుపుకు పెద్ద ఆపరేషన్ అయ్యాక ఆయన ఎక్కువ కాలం మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. నిలబడి బొమ్మలు వేయడం కష్టమై, కత్తెర పట్టి రంగు కాగితాలు కత్తిరించారు. కాగితాలకు రంగులు వేసే పని, ముక్కలను గోడకు అంటించే పని సహాయకులు చేసేవారు. ఆయన చేయాల్సింది మాత్రమే ఆయన చేశారు.

ఇలా మార్చుకోండి

ముక్కల కోత అంతా ఒకే రాత్రి పెట్టుకోవద్దు. వారమంతా పంచుకోండి. ఇరవై నిమిషాలు కోయగానే లేచి, ఐదు నిమిషాలు వేరే పని చేయండి.

సరళరేఖలకు కత్తెర వద్దు, పేపర్ ట్రిమ్మర్ వాడండి. కత్తెర తప్పనిసరైతే పదునుగా ఉండాలి, పిడి పెద్దదిగా, మెత్తగా ఉండాలి. మొండి కత్తెర రెట్టింపు బలం అడుగుతుంది. మందపు కాగితాన్ని ఒక్కో పొరే కోయండి. పంచింగ్ మెషిన్‌ను వేళ్లతో కాకుండా బల్ల మీద పెట్టి, చెయ్యి నిటారుగా ఉంచి అరచేతితో నొక్కండి.

నేల మీద వంగి కోయకండి. తల బరువు దాదాపు ఐదు కిలోలు. వంగినకొద్దీ ఆ భారమంతా మెడ కండరాల మీద పడుతుంది. కోత పనికి వంటింటి గట్టు చాలామందికి సరిపోయే ఎత్తు. నిలబడి కోయవచ్చు. అతికించే పనికి కుర్చీ, బల్ల వాడండి.

వెలుతురు ఎడమ పక్క నుంచి పడాలి (ఎడమచేతివాటం వారికి కుడి నుంచి). నలభై దాటితే దగ్గరి చూపు తగ్గడం సహజం. కళ్లద్దాలు వాయిదా వేస్తే మెడ ఇంకా వంగుతుంది. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడండి.

తిమ్మిరి ఉన్నవారు రాత్రిపూట మణికట్టు నిటారుగా ఉంచే స్ప్లింట్‌ను కనీసం ఆరు వారాలు కట్టుకోవాలి. చాలామందికి దీంతోనే ఉపశమనం. తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్, అప్పటికీ తగ్గకపోతే చిన్న ఆపరేషన్ ఉంటాయి. మధుమేహం ఉన్నవారికి ఈ ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు చక్కెర పెరగవచ్చు, డాక్టర్‌కు ముందే చెప్పండి.

మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు నెలల తరబడి మింగడం మాత్రం వద్దు. కడుపులో పుండ్లు, బీపీ, కిడ్నీల దెబ్బ... చేతి నొప్పి కంటే పెద్ద నొప్పులు కొనుక్కున్నట్టే.

క్లాసులో పిల్లలుంటే...

గ్లూ గన్ చివర వేడి 120 నుంచి 190 డిగ్రీల దాకా ఉంటుంది. అది టీచర్ చేతిలోనే ఉండాలి. జిగురు చర్మానికి అంటుకుంటే పీకకండి. ఇరవై నిమిషాలు పారే నీళ్ల కింద పెట్టండి. టూత్‌పేస్ట్, పసుపు, సిరా పూయవద్దు.

కట్టర్ తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదమండి. వేలు వంగకపోయినా, కొస మొద్దుబారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకుని డాక్టర్‌కు చెప్పండి.

పూసలు, చిన్న అయస్కాంతాలు, వెలిగే కార్డుల్లో పెట్టే బటన్ బ్యాటరీలు మూడేళ్లలోపు పిల్లలకు అందకూడదు. బ్యాటరీ మింగారని అనుమానం వచ్చినా అది అత్యవసరమే. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. అరటిపండు పెట్టి చూద్దామని ఆగకండి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

తిమ్మిరి పగలు కూడా వదలకపోవడం, చేతిలోంచి గ్లాసులు జారిపోవడం, బొటనవేలి కింది కండ పలచబడి గుంట పడడం నరం దెబ్బతింటోందనడానికి గుర్తులు. గుంట పడ్డాక ఆపరేషన్ చేసినా పూర్తి బలం రాకపోవచ్చు. రెండు చేతుల చిన్న కీళ్లు వాచి, పొద్దున గంటకు పైగా బిగుసుకుపోతుంటే కీళ్లవాతం పరీక్షలు చేయించాలి. ఒకపక్క చెయ్యి హఠాత్తుగా చచ్చుబడి, మాట తడబడినా, మూతి వంకర పోయినా అది పక్షవాతం. వెంటనే 108కి ఫోన్ చేయండి.

మా టీచరమ్మ రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చింది. రాత్రి తిమ్మిరి చాలావరకు తగ్గింది. ఇంట్లో ఏం మారిందని అడిగాను. ఆదివారం ముక్కల కోతకు ఆమె భర్త కూడా కూర్చుంటున్నాడట, ట్రిమ్మర్ ఆయనదేనట. క్లాసులో ముక్కలు ముందే కోసి ఇవ్వడం తగ్గించి, గీత గీసి పిల్లలకే మొండి మొన కత్తెరలు ఇస్తోందట.

‘‘వంకరటింకర కోస్తున్నరు మేడం. ఫొటోలు తీసి పెడ్తే ఇదివరకంత మంచిగ కనవడ్తలేదు’’ అని నవ్వింది. ‘‘గని వాళ్లే కోస్తున్నరు. ఇన్నొద్దులు నేను కోసిస్తె వాళ్లు అంటువెట్టుడే నేర్చుకున్నరు.’’

ఆ రోజు ఓపీ చీటీ మీద ‘గృహిణి’ అన్న మాట కొట్టేసి, పక్కన ‘క్రాఫ్ట్ టీచర్’ అని రాశాను. అది గౌరవం కోసం మాత్రమే కాదు. రేపు ఆ చీటీ చూసే మరో డాక్టరు ముందు ఆమె చేతులు చూడాలని.