ఒకే వైద్యుడు, సంపూర్ణ చికిత్స: దంతవైద్యంలో రెసిడెన్సీ శిక్షణ ఎలా సాగుతుంది?

అరవై అయిదేళ్ల వ్యక్తి ఒకరు పంటి నొప్పితో దంత వైద్యశాలకు వచ్చారనుకుందాం. ఆయనకు పదిహేనేళ్లుగా మధుమేహం ఉంది. ఎనిమిది నెలల క్రితం గుండెకు స్టెంట్ అమర్చారు. రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు వాడుతున్నారు. నొప్పి పెడుతున్నది ఒక్క పిప్పి పన్నే. కానీ నోరు తెరిచి చూస్తే మరో రెండు పళ్లు పుచ్చి ఉన్నాయి, చిగుళ్లు వాచి ఉన్నాయి, కింది దవడలో నమిలే పళ్లు నాలుగు ఏనాడో ఊడిపోయాయి.

ఈయనకు ముందుగా ఏ చికిత్స చేయాలి? పన్ను తీయాలా, నిలబెట్టాలా? మాత్రలు ఆపాలా, కొనసాగించాలా? దంతవైద్య పట్టా కొత్తగా చేతికి వచ్చినవారు ఈ ప్రశ్నలన్నింటికీ ఒంటరిగా సమాధానం చెప్పడం తేలిక కాదు. పట్టాకూ స్వతంత్ర వైద్యవృత్తికీ మధ్య ఉన్న ఈ ఎడాన్ని పూడ్చేందుకు అమెరికాలో ఏర్పడినదే ‘అడ్వాన్స్‌డ్ ఎడ్యుకేషన్ ఇన్ జనరల్ డెంటిస్ట్రీ’ రెసిడెన్సీ. దీన్ని క్లుప్తంగా ఏఈజీడీ అంటారు.

పట్టా తర్వాత మరో ఏడాది

అమెరికాలో దంతవైద్య విద్య సాధారణంగా నాలుగేళ్లు. ఆ తర్వాత లైసెన్సు పరీక్షలు ఉత్తీర్ణులైనవారు చాలా రాష్ట్రాల్లో నేరుగా వృత్తిలోకి ప్రవేశించవచ్చు. కనుక రెసిడెన్సీ అక్కడ అందరికీ తప్పనిసరి కాదు. న్యూయార్క్ రాష్ట్రం మాత్రం 2007 నుంచి లైసెన్సుకు క్లినికల్ పరీక్ష స్థానంలో ఏడాది రెసిడెన్సీని అర్హతగా నిర్దేశించింది. ఒక్కరోజు పరీక్షలో చూపిన నైపుణ్యం కంటే ఏడాది పొడవునా పర్యవేక్షణలో చేసిన వైద్యమే సామర్థ్యానికి నమ్మకమైన కొలమానమన్న వాదన ఈ మార్పునకు అనుకూలంగా బలంగా వినిపించింది.

ఏఈజీడీ శిక్షణ 12 నెలలు. కొన్ని సంస్థల్లో 24 నెలలు కూడా ఉంటుంది. దంతవైద్య కళాశాలలు, సామాజిక ఆరోగ్య కేంద్రాలు, సైనిక వైద్యశాలల్లో ఇది ఎక్కువగా సాగుతుంది. దీనికి తోబుట్టువు వంటిది జనరల్ ప్రాక్టీస్ రెసిడెన్సీ. అది ఆసుపత్రి ఆధారితం. అందులోని రెసిడెంట్లు జనరల్ మెడిసిన్, అనస్థీషియా విభాగాల్లోనూ పనిచేస్తారు. రెండింటి ప్రమాణాలనూ 1975లో ఏర్పడిన దంత విద్య గుర్తింపు కమిషన్ నిర్ణయిస్తుంది.

ఇది ఒక ప్రత్యేక విభాగంలో నిపుణతనిచ్చే కోర్సు కాదు. అమెరికాలో గుర్తింపు పొందిన 12 దంతవైద్య ప్రత్యేక విభాగాల్లో జనరల్ డెంటిస్ట్రీ లేదు. ఒక శాఖలో లోతుకు వెళ్లడం కాక, అన్ని శాఖల పరిజ్ఞానాన్నీ ఒకే రోగి అవసరాలకు సమన్వయం చేయడం దీని లక్ష్యం.

చికిత్సకు ఒక వరుస

రూట్ కెనాల్, చిగుళ్ల చికిత్స, పళ్లు తీయడం, పోయిన పళ్ల స్థానంలో కొత్తవి అమర్చడం, అత్యవసర వైద్యం వంటివన్నీ రెసిడెంట్లు చేస్తారు. ఇంప్లాంట్లు, త్రీడీ ఎక్స్‌రే, డిజిటల్ స్కానర్ల వినియోగం కూడా చాలాచోట్ల శిక్షణలో భాగం. అయితే ఈ పనుల్లో అధిక భాగం కళాశాలలోనే పరిచయమై ఉంటుంది. రెసిడెన్సీలో ప్రధానంగా అలవడవలసింది చికిత్సా ప్రణాళిక.

పైన చెప్పుకున్న రోగి విషయమే తీసుకుంటే, రెసిడెంట్ తొలుత నొప్పిని, ఇన్‌ఫెక్షన్‌ను అదుపు చేస్తారు. రెండో దశలో పాచి, గార తొలగించి చిగుళ్లను బాగుచేస్తారు. పుచ్చిన పళ్లను నింపుతారు. కొన్ని వారాల తర్వాత తిరిగి పరీక్షించి, చిగుళ్లు కోలుకున్నాయో లేదో, రక్తంలో చక్కెర అదుపులో ఉందో లేదో చూస్తారు. అప్పుడే పోయిన పళ్ల స్థానంలో బ్రిడ్జి పెట్టాలా, ఇంప్లాంట్ అమర్చాలా, తీసి పెట్టుకునే పళ్లసెట్టు సరిపోతుందా అన్నది తేలుతుంది. చివరిది నిర్ణీత కాలవ్యవధిలో తిరిగి పరీక్షించే దశ.

ఈ వరుస తప్పితే నష్టపోయేది రోగి. వాచిన చిగుళ్ల మధ్య అమర్చిన ఖరీదైన బ్రిడ్జి, ఆనుకున్న పళ్లు కదలడంతో కొద్ది కాలానికే ఊడిపోవచ్చు. ఏఈజీడీలో ఒకే రెసిడెంట్ ఒక రోగిని నెలల తరబడి చూస్తారు కాబట్టి, తన నిర్ణయం ఫలితాన్ని తానే కళ్లారా చూసే అవకాశం ఉంటుంది.

ఒంటి జబ్బు, పంటి చికిత్స

శిక్షణలో మరో కీలకాంశం రోగి పూర్తి ఆరోగ్య స్థితిని అంచనా వేయడం. స్టెంట్ ఉన్నవారు పన్ను తీయించుకునే ముందు సొంతంగా మాత్రలు ఆపేయడం తరచూ జరిగే పొరపాటు. అలా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి ప్రాణాపాయం కలగవచ్చు. సాధారణంగా ఒకటి రెండు పళ్లు తీసినప్పుడు వచ్చే రక్తస్రావాన్ని గాజుగుడ్డతో అదిమి, అవసరమైతే కుట్లు వేసి ఆపవచ్చు. అందుకే హృద్రోగ వైద్యుడిని సంప్రదించకుండా ఈ మాత్రలు ఆపించకూడదని రెసిడెంట్లకు నేర్పుతారు.

కృత్రిమ గుండె కవాటం ఉన్నవారి సంగతి వేరు. చిగుళ్ల నుంచి రక్తంలోకి చేరే సూక్ష్మక్రిములు కవాటానికి సోకే ముప్పు ఉంటుంది. చిగుళ్లను కదిలించే చికిత్సలకు అరగంట నుంచి గంట ముందు వారికి యాంటీబయోటిక్ ఇవ్వాలని మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. తల, మెడ భాగాల్లో క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకోబోయేవారికైతే, నిలవని పళ్లను ముందే తీసి గాయం మానేందుకు సమయమివ్వాలి. రేడియేషన్ తర్వాత పన్ను తీస్తే దవడ ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం ఉంది. నోటి క్యాన్సర్ భారం అధికంగా ఉన్న భారత్‌లో ఈ పరిజ్ఞానానికి ఉన్న ప్రాధాన్యం వేరే చెప్పనక్కర్లేదు.

రెసిడెంట్ చేసే వైద్యం అంతా అధ్యాపకుల పర్యవేక్షణలోనే సాగుతుంది. తొలి నెలల్లో ప్రతి దశకూ అనుమతి తీసుకోవాలి. నైపుణ్యం పెరిగేకొద్దీ స్వేచ్ఛ పెరుగుతుంది. కేసులను సహచరుల ముందు వివరించి, ఎంచుకున్న చికిత్సను శాస్త్రీయ ఆధారాలతో సమర్థించుకోవాలి. సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో శిక్షణ పొందేవారు తక్కువ ఆదాయ వర్గాలకు వైద్యం అందిస్తారు. ఇలాంటి కేంద్రాల్లో రెసిడెన్సీలకు నిధులు సమకూర్చే పథకానికి 2010 నాటి ఆరోగ్య సంస్కరణల చట్టం వీలు కల్పించింది.

భారత్‌లో ఎలా ఉంది?

భారత్‌లో బీడీఎస్ నాలుగేళ్లు, ఆపై ఏడాది తప్పనిసరి ఇంటర్న్‌షిప్. హైదరాబాద్, విజయవాడ, కడప ప్రభుత్వ దంతవైద్య కళాశాలల్లోనైనా, ప్రైవేటు కళాశాలల్లోనైనా శిక్షణ ఇదే చట్రంలో సాగుతుంది. హౌస్ సర్జన్లు ఒక్కో విభాగంలో కొంతకాలం చొప్పున పనిచేస్తారు. రోగి కూడా పన్ను తీయించుకునేందుకు ఒక విభాగానికి, రూట్ కెనాల్‌కు మరో విభాగానికి, కట్టుడు పళ్లకు ఇంకో విభాగానికి వెళతారు. ప్రతి విభాగంలోనూ మంచి వైద్యమే అందవచ్చు. కానీ ఒకే రోగిని మొదటినుంచి చివరిదాకా చూసే అవకాశం హౌస్ సర్జన్‌కు అరుదుగా దక్కుతుంది.

ఆ తర్వాత ఉన్న ప్రధాన ఉన్నత విద్యామార్గం మూడేళ్ల ఎండీఎస్. అది తొమ్మిది శాఖల్లో ఏదో ఒకదానికి పరిమితం. అందులో సీటు రానివారు, వద్దనుకున్నవారు సొంత క్లినిక్ పెట్టుకోవడమో, సీనియర్ల వద్ద చేరి పని నేర్చుకోవడమో జరుగుతోంది. జనరల్ డెంటిస్ట్రీలోనే లోతైన శిక్షణనిచ్చే ఏఈజీడీ తరహా గుర్తింపు పొందిన రెసిడెన్సీ ఇక్కడ లేదు. 2023లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ దంత కమిషన్ చట్టం లైసెన్సుకు, పీజీ ప్రవేశానికి ఉమ్మడిగా నేషనల్ ఎగ్జిట్ టెస్టును ప్రతిపాదించింది. పరీక్ష ప్రమాణాలను సమం చేయగలదు; పర్యవేక్షణలో గడిపే ఏడాదికి అది ప్రత్యామ్నాయం కాదు.

తెలుగు రాష్ట్రాల్లో బీడీఎస్ పూర్తిచేసి అమెరికా వెళ్లేవారికి ఏఈజీడీ పేరు సుపరిచితమే. విదేశీ పట్టభద్రుల్లో చాలామంది అక్కడి కళాశాలల్లో మళ్లీ రెండు, మూడేళ్లు చదివి పట్టా పొందుతారు. కొన్ని రాష్ట్రాలు నిర్దిష్ట షరతులతో రెసిడెన్సీని కూడా లైసెన్సుకు మార్గంగా అంగీకరిస్తాయి. నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉంటూ మారుతుంటాయి కాబట్టి, దరఖాస్తుకు ముందే ఆయా రాష్ట్ర దంత బోర్డును సంప్రదించడం అవసరం.

మండల కేంద్రంలో ఉన్న ఏకైక దంతవైద్యుడి వద్దకు స్టెంట్ వేయించుకున్న రోగి వచ్చినప్పుడు, పక్క గదిలో నిపుణులెవరూ ఉండరు. మాత్రలు ఆపాలా వద్దా, ఏ పన్ను ముందు చూడాలి, ఎవరిని పట్టణానికి పంపాలి అన్నది ఆ ఒక్కరే తేల్చుకోవాలి. ఏడాది రెసిడెన్సీ సిద్ధం చేసేది ఆ నిర్ణయానికే.