మేత మోసుకెళ్లే విమానం

హైటెక్ సిటీలో అమెరికా ప్రయాణం మాటొస్తే మొదటి ప్రశ్న ‘ఎక్కడ మారాలి?’ అనే. దుబాయ్, దోహా, ఫ్రాంక్‌ఫర్ట్... ఏదో ఒక చోట దిగి పడిగాపులు కాయక తప్పదు. 2021 జనవరి 15న ఎయిరిండియా ఆ బెడద తీర్చింది. శంషాబాద్‌లో ఎక్కితే దిగేది షికాగోలోనే. దూరం దాదాపు 13,280 కిలోమీటర్లు, ప్రయాణం పదహారు గంటల పైమాట. దారికి ఎంచుకున్న విమానం బోయింగ్ 777-200ఎల్ఆర్.

గోడ మీది మ్యాపు చూస్తే దారి ఆఫ్రికా, అట్లాంటిక్‌ల మీదుగా అనిపిస్తుంది. గ్లోబు మీద రెండూళ్లకూ దారం బిగించి చూడండి. అది ఉత్తరానికి జారి, 79 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, అవతల దిగుతుంది. షికాగో మనకు దాదాపు భూగోళం అవతలి వైపు రేఖాంశం మీద ఉంది మరి! గాలుల్ని బట్టి, దేశాల అనుమతుల్ని బట్టి పైలట్ల దారి ఈ దారానికి అటూ ఇటూ జరుగుతుంటుంది.

అసలు చిక్కంతా బరువుతోనే. ఖాళీ విమానం 145 టన్నులు. ట్యాంకులు నిండా పోస్తే ఇంధనమూ ఇంచుమించు అంతే. దూరాభారం పోయే ఎడ్లబండి దారి పొడవునా కావలసిన మేతంతా తానే మోసినట్టన్నమాట. మొదటి గంటల్లో కాలే ఇంధనంలో చెప్పుకోదగ్గ భాగం, తర్వాత కాలబోయే ఇంధనాన్ని మోయడానికే సరి! అందుకే బయలుదేరగానే మరీ ఎత్తుకు పోదు. బరువు తగ్గేకొద్దీ మెట్లు మెట్లుగా పైకెక్కుతుంది.

ఈ బరువును లేపేది జీఈ90 ఇంజన్ల జత. ముందున్న ఫ్యాను వ్యాసం 3.25 మీటర్లు, ఆరడుగుల మనిషి అందులో నిలబడి చెయ్యెత్తినా పైఅంచు అందదు. కాస్త గాలిని మహా వేగంగా చిమ్మడం కన్నా ఎక్కువ గాలిని నెమ్మదిగా నెడితే ఇంధనం ఆదా. అంత పెద్ద ఫ్యాను అందుకే.

2005 నవంబరులో ఈ రకం విమానమొకటి హాంకాంగ్ నుంచి తూర్పుగా చుట్టు తిరిగి లండన్ చేరింది. 21,602 కిలోమీటర్లు, 22 గంటల 42 నిమిషాలు! రికార్డు ఘనమే గానీ కొన్నవాళ్లు తక్కువ. మధ్యలో దిగి ఇంధనం పోయించుకుంటే మొత్తం ఖర్చు తగ్గే దారుల్లో, ఆగకుండా పోవడం ఖరీదైన సోకు.

ఎయిరిండియా ఎనిమిది కొంది. 2007లో వచ్చిన మొదటిదాని పేరు ‘ఆంధ్రప్రదేశ్’. రాష్ట్రం విడిపోయే రోజుల్లోనే అది మరో నాలుగింటితో కలిసి అబుధాబి ఎతిహాద్ పాలైంది. మిగిలినవి మూడు: జార్ఖండ్, కేరళ, మహారాష్ట్ర. 2021లో షికాగోతో పాటు అదే నెలలో బెంగళూరు–శాన్‌ఫ్రాన్సిస్కో దారీ మొదలైంది. మూడు విమానాలతో ఇంత పొడవైన దారులు నడపడం, నన్నడిగితే, మొదటి నుంచీ కత్తి మీద సామే. హైదరాబాద్–షికాగో సర్వీసు తర్వాత ఆగిపోయింది.