సానఱాయియుఁ బదనును

అమరకోశమున శాణము, నికషము, కషము అను మూఁడు పదములును బర్యాయములు. పసిఁడి వన్నె నరయు ఱాతికిని, కత్తివాదర దీర్చు ఱాతికిని అచ్చట భేదము లేదు. తెనుఁగు మాత్రము రెంటిని వేఱుపఱచినది. బంగారము నొరయునది ఒరగల్లు. ఇనుము నూఱునది సాన. ఒరగల్లు లోహపు గీటును దనపై నిలుపుకొనును. సాన లోహమునే తీసివేయును. గంధపుఁజెక్క నరఁగఁదీయు ఱాయికిని సాన యనుపేరే చెల్లుటకుఁ గారణ మిదియే. కావున బాలురకు రెంటికిని శాణమని యర్థము చెప్పి విడుచుట చాలదు.

నాగర్‌కర్నూలు జిల్లాలోని లింగాల నల్లమల యంచున నున్నది. దానికిఁ జేరువదియే అమరాబాదు పీఠభూమి. 1940లో హైమెన్‌డార్ఫు చెంచులనడుమ నుండి పరిశోధించి, 1943లో గ్రంథము ప్రకటించినది యీ సీమను గూర్చియే. దుంపలు త్రవ్వుటకు ఇనుపమొన గల కోలయు, వెదురు నఱకుటకు గొడ్డలియుఁ గత్తియు చెంచులకు నిత్యోపకరణములుగా నుండెడివి. ఇనుపపనిముట్లను వారు మైదానపుఁ గమ్మరులవలనఁ బడయుచుండిరి. అడవినడుమ వాదర మొద్దువాఱినచోఁ గొలిమి యెక్కడిది? ఱాతికి మాత్రము కొదవలేదు. ఆ కొండలలో విరివిగా నున్నది క్వార్ట్‌జైటు, అనఁగా గట్టిపడిన యిసుకఱాయి. అందలి స్ఫటికపు రేణువుల కాఠిన్యము మోసుమానమున 7. పదనుపెట్టిన యుక్కు దాని కించుక లోఁబడియుండును. అయినను ప్రతిఱాయియు సాన కాదు. రేణువులు మిక్కిలి బిగిసినది త్వరలో నునుపెక్కి జాఱును. అరుగుచుఁ గ్రొత్తరేణువుల నిచ్చునదే మేలు. గొగ్గిపడిన వాదరకు గరుకుఱాయియుఁ, బిమ్మట సన్నఱాయియు వలయును. నీరు పోయుట చల్లఁదనమునకే కాదు. అరగిన పొడి రేణువులసందులఁ జిక్కి ఱాయిని మూసివేయకుండుటకును. వాలు మార్పక నూఱఁగా నూఱఁగా వాదర యావలిప్రక్కకు సన్నని పొర తిరుగును. అది వ్రేలికిఁ దగిలినపుడు కత్తిని త్రిప్పవలెను. తొందరపడువా రిచ్చటనే చెడుదురు.

పదను అను మాట విచారింపఁదగినది. వానకుఁ దడిసి దున్నుటకు యోగ్యమైన నేల పదనైన దందురు. కాఁచిన యుక్కును నీట ముంచుట పదనుపెట్టుట. వాఁడిమియుఁ బదనే. మూఁటను తగినస్థితి యను భావ మున్నది. కమ్మరి పెట్టిన పదనును సాన బయటఁబెట్టునే కాని క్రొత్తగా నీయఁజాలదు. వడిగాఁ దిరుగు పొడిచక్రమున నొత్తిపట్టినచో వాదర వేఁడెక్కి, 300 డిగ్రీల సెంటీగ్రేడు చేరువ నీలివన్నె దాల్చి మెత్తఁబడును. దానిని మరల నెంత నూఱినను నిలువదు. చేతిఱాతివలన నీ భయము లేదు.

కక్కుకొడవలి ఱాతికి లొంగదు. దానికి కక్కు కొట్టింపఁ గమ్మరికడకే పోవలెను. ఆకురాయి పేరునకు ఱాయియే కాని వస్తుతః ఉక్కు.

రత్నములు సానపట్టువారు లక్కతోఁ గురువిందపుఁబొడి కలిపి సానచక్రము చేయుచుండిరి. కురువిందపుఁ గాఠిన్యము 9. దక్షిణభాషలలోని యీ శబ్దమే ఐరోపాభాషలలోఁ గొరండమైనది. 1891 ప్రాంతమున అమెరికాలో అచెసన్ తాను చేసిన కఠినద్రవ్యము కార్బనుతోఁ గూడిన కొరండమని తలఁచి కార్బొరండమని పేరిడెను. అది సిలికాన్ కార్బైడని తరువాతఁ దేలినది. పేరు మాత్రము మాఱలేదు. నేఁ డంగడిలోఁ గొను కార్బొరండపు సానబిళ్ల పేరిట నీ కురువింద మిట్లు మిగిలియున్నది.