ముట్టినట్టు సంతకం ఏదీ?

ఊళ్లో ఉన్నవాళ్లకు ఇది చిన్న వార్త. ఇంటి అడ్రసు ఒక దేశంలో, మనిషి ఒక దేశంలో ఉండే మనలాంటి వాళ్లకు మాత్రం చిన్నది కాదు. మన దేశంలో రిజిస్టర్ పోస్టు అనేది ఇప్పుడు విడిగా లేదు. స్పీడ్ పోస్టులో కలిపేశారు. ప్రభుత్వ శాఖలు, కోర్టులు, విద్యాసంస్థలు కొత్త పద్ధతికి మారాలని తపాలా శాఖ ముందే చెప్పింది. ఇంచుమించు ఒకే పనికి రెండు దారులు, రెండు లెక్కలు ఎందుకన్నది ఆలోచన. ఆఫీసుల్లో తపాలా చూసే గుమస్తాకు కాస్త ఊరటే.

మేం సైట్లో రోజూ రిజిస్టర్లు రాసేవాళ్లం. కాంక్రీటు బండి నంబరు, డ్రైవరు పేరు, ఎన్ని క్యూబిక్ మీటర్లు, ఎండ ఎంత... పది గడులుంటాయి. గొడవ వచ్చిన రోజున అందరూ వెతికేది మాత్రం రెండు గడులే. ఎప్పుడు వచ్చింది? ఎవరు సంతకం పెట్టి దించుకున్నారు? మిగతా గడుల్లో సగం తీసేసినా మాకు సంతోషమే. తపాలాకూ అంతే. లెక్కలు తగ్గించండి, కానీ 'ముట్టింది' అన్న సంతకం జోలికి పోకండి.

ఆ సంతకం పోలేదు. కాకపోతే ఇప్పుడు అడిగి తీసుకోవాలి. 2025 అక్టోబరు 1 నుంచి వచ్చిన కొత్త రేట్ల ప్రకారం 50 గ్రాముల లోపు స్పీడ్ పోస్టు కవరు అదే ఊళ్లో అయితే 19 రూపాయలు, బయటికైతే 47, జీఎస్టీ అదనం. 'రిజిస్ట్రేషన్' కావాలంటే ఇంకో 5 రూపాయలు, దానిపైన జీఎస్టీ. ఆ 5 రూపాయలు కడితేనే కవరు ఎవరి పేరున ఉందో వాళ్లకు గానీ, వాళ్లు రాసిచ్చిన మనిషికి గానీ ఇస్తారు. ఓటీపీ చెబితేనే ఇచ్చే పద్ధతికి మరో 5 రూపాయలు.

మన చిక్కు ఇక్కడే ఉంది. మా సోనాపూర్ క్యాంపు గదులకు పోస్టుమ్యాన్ రాడు. ఉత్తరం వస్తే కంపెనీ పోస్టు బాక్సుకు రావాలి, అక్కడి నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి క్యాంపు బాసు. మన చేతికి వచ్చేసరికి ఏ వారమో! అందుకే బ్యాంకు కైనా, పాసుపుస్తకానికైనా అందరం ఊరి అడ్రసే ఇస్తాం. పేరు మనది, ఇంట్లో ఉండేది అమ్మో, భార్యో. ఫోను నంబరేమో రీఛార్జి లేక ఎప్పుడో ఆగిపోయిన పాత సిమ్‌ది. ఇక ఓటీపీ ఎవరికి వస్తుంది?

మా గదిలో జగిత్యాల వైపు తమ్ముడు ఒకడున్నాడు. అప్పు తాలూకు నోటీసు ఇంటికి వస్తే "ఆయన దుబాయ్‌ల ఉన్నడు" అని వాళ్లమ్మ ఉన్నమాట చెప్పింది. కవరు వెనక్కి పోయింది. అది నోటీసని ఆమెకు తెలియదు, కవరు వచ్చిన సంగతే ఇతనికి తెలియదు. నెలల తర్వాత తెలిసింది, అదీ ఊళ్లో వాళ్ల ద్వారా. తప్పు ఆ తల్లిదీ కాదు, పోస్టుమ్యాన్‌దీ కాదు.

చట్టం మాత్రం మన కోసం ఆగదు. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం సరైన అడ్రసు రాసి, డబ్బు కట్టి రిజిస్టర్ చేసి పంపితే అది మామూలుగా చేరే సమయానికి చేరినట్టే లెక్క. కాదంటే ఆ రుజువు మనమే చూపాలి. ఏడు సముద్రాల ఇవతల నుంచి ఎలా చూపుతాం?

అందుకే సెలవుకు వెళ్లినప్పుడు పెళ్లిళ్లు, విందులతో పాటు ఒక పూట పోస్టాఫీసుకూ పెట్టుకోండి. నా పేరున వచ్చే కవర్లు ఫలానా వాళ్లకు ఇవ్వండని రాసి, సంతకం చేసి ఇవ్వండి. బ్యాంకులో, మండలాఫీసులో ఇంట్లో వాళ్ల దగ్గర నిజంగా మోగే ఫోను నంబరు రాయించండి.

ఇక మనం పంపే కాగితాలు. పొలం వ్యవహారం అన్నకో, మామకో అప్పజెబుతూ కాన్సులేట్ ముద్రతో పవరాఫ్ అటార్నీ చేయిస్తాం. ఎవరో ఊరికి పోతుంటే వాళ్ల చేతిలో పెట్టేస్తాం. ఖర్చు లేదు, నమ్మకమైన మనిషే. కానీ విదేశంలో రాసిన అలాంటి పత్రానికి, అది మొదటిసారి మన దేశంలో చేతికందిన రోజు నుంచి 3 నెలల్లోపు స్టాంపు సుంకం కట్టాలని స్టాంపుల చట్టం చెబుతోంది. మనిషి చేతిలో పోయిన కాగితం ఏ రోజు ముట్టిందో ఎవరు చెప్తారు? పోస్టులోనో, కొరియర్‌లోనో పంపితే ఆ తేదీ రికార్డులో ఉంటుంది. ఖాళీ కవరే కదా అని ఇంట్లో వాళ్లు చించి పారేయకుండా ముందే చెప్పండి, దాన్నీ పత్రంతోనే దాచాలి.

ఊరి నుంచి స్పీడ్ పోస్టులో ఏది పంపినా రసీదు ఫొటో వాట్సాప్‌లో పెట్టమనండి. దాని మీద 13 అక్షరాలు, అంకెలు కలిసిన నంబరు ఉంటుంది. తపాలా శాఖ సైట్లో అది కొడితే కవరు ఎక్కడుందో చూపిస్తుంది. పొద్దున సైటు బస్సులో కూర్చుని కూడా చూసుకోవచ్చు.