ఫోన్‌లో పాఠం, ఊళ్లో పాఠం



"ఫోన్ చేతికిస్తే పిల్లలు చెడిపోతారు" అంటాం. ఎప్పుడూ ఆటలే ఆడితే అది నిజమే. కానీ అదే ఫోన్‌తో చదువు కూడా నేర్వొచ్చు.

2020లో కరోనా వచ్చి బడులు మూతబడ్డాయి. అప్పుడు తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-సాట్‌లో పాఠాలు చెప్పారు. పిల్లలు ఇంట్లో కూర్చొని విన్నారు. ఇలా టీవీ, ఫోన్, కంప్యూటర్ల ద్వారా నేర్చుకోవడాన్ని 'ఈ-లెర్నింగ్' అంటారు.

ఇప్పుడు బడులు నడుస్తున్నాయి. అయినా ఈ పద్ధతి పనికొస్తుంది. మీ పాప బడి పుస్తకం తీసి చూడండి. అందులో నల్లని గళ్లతో చిన్న చదరం కనబడుతుంది. దాని పేరు క్యూఆర్ కోడ్. ఫోన్‌లో 'దీక్ష' యాప్ తెరిచి దానికి చూపితే పాఠం బొమ్మలు, వీడియోలు వస్తాయి. యాప్‌కు డబ్బు కట్టక్కర్లేదు. నెట్ మాత్రం ఉండాలి. ఒకసారి దించుకుంటే, తర్వాత నెట్ లేకున్నా చూడొచ్చు.

చిన్న తరగతుల్లో పౌరశాస్త్రానికి వేరే పుస్తకం ఉండదు. పరిసరాల విజ్ఞానంలోనే ఆ పాఠాలు వస్తాయి. గ్రామసభ గురించి వీడియో చూపామనుకోండి. మధ్యలో ఆపి పిల్లల్ని అడగాలి: "మన ఊరి గ్రామసభ ఎక్కడ జరుగుతుంది? మన వార్డు మెంబరు ఎవరు?" ఈ జవాబు ఫోన్‌లో దొరకదు. ఇంట్లో అమ్మ దగ్గర దొరకాలి.

"మాకేం ఎరుక బిడ్డా, మీ నాయన్ని అడుగు" అనకండి. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న వాళ్లంతా గ్రామసభ సభ్యులే. ఆడవాళ్లయినా, మగవాళ్లయినా ఒక్కటే. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. నల్లా నీళ్లు రాకున్నా, వీధి దీపం వెలగకున్నా అక్కడ అడగొచ్చు. వెళ్లేటప్పుడు పాపను తీసుకుపోండి. అమ్మ లేచి నిలబడి మాట్లాడితే పాప కళ్లారా చూస్తుంది. ఇక ఆ పాఠం మరిచిపోదు.

ఇంకో మాట. చాలా ఇళ్లలో ఫోన్ ఒక్కటే. అది నాయన జేబులోంచి కొడుకు చేతికి పోతుంది. బిడ్డ వంతు రాదు. కొడుక్కి అరగంట ఇస్తే బిడ్డకూ అరగంట ఇవ్వండి. మీరూ పక్కన కూర్చోండి. పాఠం పేరు మీరే చదవండి. ఇప్పుడు మీకు చదువు వచ్చు కదా!

ఆలోచించండి, రాయండి

1. మీ వార్డు మెంబరు పేరేమిటి?
2. పోయిన గ్రామసభకు మీరు వెళ్లారా? ఏమి అడిగారు?
3. మీ ఇంట్లో ఫోన్ ఎవరికి ఎంతసేపు దొరుకుతుంది?