‘టెర్మినేటర్’ విత్తనం నుండి ‘కమల’ వరి వరకు: చలనచిత్రం, శాస్త్రం, ప్రజావిధానం

మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టాన్ని భారత పార్లమెంటు 2001లో చేసింది. మనుషులు, జంతువులు, మొక్కల ప్రాణానికి గాని ఆరోగ్యానికి గాని హాని కలిగించే సాంకేతికత గల రకాన్ని నమోదు చేయరాదని దాని 29వ సెక్షన్ చెబుతుంది. అటువంటి సాంకేతికతలో ‘టెర్మినేటర్ టెక్నాలజీ’ కూడా చేరుతుందని ఆ సెక్షన్‌లోని వివరణ స్పష్టం చేస్తుంది. ఈ మాట వృక్షశాస్త్రంలో పుట్టినది కాదు. కెనడా కేంద్రంగా పనిచేసిన రఫీ అనే స్వచ్ఛంద సంస్థ 1998లో ఒక అమెరికా పేటెంటుకు పెట్టిన మారుపేరు అది. 1984లో విడుదలైన హాలీవుడ్ చిత్రాన్ని ఎరిగినవారికి ఆ పేరు వినగానే కనికరం లేకుండా వెంటాడే యంత్రమే స్ఫురిస్తుంది. వెండితెరను తలపించే ఒక మాట ఆ విధంగా మన విత్తన చట్టంలో స్థిరపడింది.

జన్యు సాంకేతికత గురించి ప్రజల అభిప్రాయం ప్రయోగశాల నివేదికలతోనే ఏర్పడదని, అది విధాన నిర్ణయాలను కూడా తాకుతుందని ఈ ఒక్క మాట చరిత్ర తెలుపుతున్నది. విస్తరణ శాస్త్రవేత్తలు దీనిని శ్రద్ధగా పరిశీలించవలసిన అవసరం ఉంది.

తెరపై కనిపించే ప్రయోగశాల

మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవల 1818లో వెలువడినా, కాగడాలు పట్టుకొని వికృతాకారాన్ని తరిమే గ్రామస్థుల దృశ్యాన్ని లోకానికి పరిచయం చేసినది 1931 నాటి చలనచిత్రమే. 1992లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ జన్యుమార్పిడి ఆహారంపై తన విధానాన్ని ప్రకటించినప్పుడు, పాల్ లూయిస్ అనే ఆంగ్ల ఆచార్యుడు న్యూయార్క్ టైమ్స్‌కు రాసిన లేఖలో ‘ఫ్రాంకెన్‌ఫుడ్’ అనే పదాన్ని ప్రయోగించాడు. కొద్ది సంవత్సరాలలోనే అది ఐరోపా ఉద్యమాల నినాదమైంది.

మరుసటి సంవత్సరం, 1993లో, ‘జురాసిక్ పార్క్’ విడుదలైంది. అందులో శాస్త్రజ్ఞులు రాక్షసబల్లులు సంతతి కనకుండా అన్నింటినీ ఆడవిగానే సృష్టిస్తారు. జన్యుక్రమంలోని ఖాళీలను పూరించడానికి వాడిన కప్ప డి.ఎన్.ఏ. కారణంగా కొన్ని లింగం మార్చుకొని సంతతిని వృద్ధి చేస్తాయి. శాస్త్రదృష్టితో చూస్తే ఈ కథకు ఆధారం లేదు. న్యూజిలాండ్‌లో అంతరించిపోయిన మోవా పక్షుల ఎముకలపై జరిపి, 2012లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం డి.ఎన్.ఏ. అర్ధజీవితకాలం సుమారు 521 సంవత్సరాలు. ఇంతవరకు వెలికితీసిన అతి ప్రాచీన డి.ఎన్.ఏ. వయస్సు సుమారు 20 లక్షల సంవత్సరాలు. రాక్షసబల్లులు అంతరించినది 6.6 కోట్ల సంవత్సరాల క్రితం.

ఇటువంటి చిత్రాలలో కథ నడిచే తీరు ఒక్కటే. ఒక ప్రయోగశాల, దురాశాపరుడైన ఒక యజమాని, ఒక పొరపాటు, తప్పించుకున్న ఒక ప్రాణి, ఒక రాత్రిలో వినాశనం. వ్యవసాయంలో నష్టం ఇంత వేగంగా, ఇంత స్పష్టంగా రాదు.

పేరు రేపిన భయం, దాని వెనుక ప్రశ్న

1998 మార్చిలో అమెరికా వ్యవసాయ శాఖ, ఒక పత్తి విత్తన సంస్థ ఉమ్మడిగా పొందిన పేటెంటు సారాంశం ఇది: పంట మామూలుగానే పండుతుంది, కాని దాని గింజ తిరిగి మొలకెత్తదు. ఆ పద్ధతి అప్పటికి పొలం దాకా రాలేదు. ఆ తరువాత కూడా వాణిజ్యపరంగా ఎక్కడా విడుదల కాలేదు. అదే సంవత్సరం మన దేశంలో బి.టి. పత్తి క్షేత్ర ప్రయోగాలు జరుగుతున్నాయి. వరంగల్ ప్రాంతపు పత్తి రైతులు పురుగు ఉధృతితో, అప్పులతో ఆత్మహత్యలకు పాల్పడిన విషాదం అప్పటికి ఇంకా పచ్చిగానే ఉంది. ప్రజల మనస్సులో ఈ రెండు సాంకేతికతలు కలిసిపోయాయి. నవంబరులో పొరుగునే ఉన్న రాయచూరు జిల్లాలో రైతు సంఘం కార్యకర్తలు ప్రయోగ పంటను పెరికి తగులబెట్టారు.

ఆ పొలాలలో టెర్మినేటర్ జన్యువు లేదు. వంధ్యత్వ లక్షణం ఊరూరా వ్యాపిస్తుందన్న భయమూ సరికాదు. అటువంటి పంట పుప్పొడి పక్క చేనులోని కొన్ని గింజలను ఆ పంటకాలానికి మొలకెత్తకుండా చేయవచ్చు. అయితే మొలవని గింజ ఆ లక్షణాన్ని తరువాతి తరానికి మోసుకుపోలేదు.

అయినా ఆ భయం వెనుక ఉన్న ప్రశ్న నిజమైనది: విత్తనం ఎవరి చేతిలో ఉండాలి? 2001 చట్టం ఈ ప్రశ్నకు సమాధానం ఇచ్చింది. పండించిన విత్తనాన్ని దాచుకోవడానికి, తిరిగి విత్తుకోవడానికి, ఇచ్చిపుచ్చుకోవడానికి, బ్రాండు పేరు లేకుండా అమ్ముకోవడానికి రైతుకు గల హక్కును దాని 39వ సెక్షన్ గుర్తించింది.

ఏ చిత్రమూ చూపని నష్టాలు

2002 మార్చిలో బి.టి. పత్తికి అనుమతి లభించింది. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే నేల బాక్టీరియా నుండి గ్రహించిన జన్యువు ఉత్పత్తి చేసే ప్రోటీను, గొంగళి పురుగు పేగులోని క్షారగుణం గల వాతావరణంలో కరిగి, పేగు గోడకు రంధ్రాలు చేస్తుంది. శనగపచ్చ పురుగుపై ఇది బాగా పనిచేసింది. పుష్కర కాలం తిరగకముందే దేశంలోని పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా బి.టి. రకాలే ఆక్రమించాయి.

కాని దాదాపు అన్నీ హైబ్రిడ్లే. హైబ్రిడ్ గింజను దాచి విత్తితే తరువాతి తరంలో లక్షణాలు విడిపోతాయి. అందువల్ల టెర్మినేటర్ జన్యువు లేకుండానే రైతు ఏటా విత్తనం కొనవలసి వచ్చింది. విత్తన ధరలో రాయల్టీ భారం అధికంగా ఉన్నదని 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించింది. తత్ఫలితంగా 450 గ్రాముల ప్యాకెట్టు ధర 750 రూపాయలకు దిగింది.

రెండవ నష్టం గులాబీ రంగు పురుగు నుండి వచ్చింది. పురుగు నిరోధక శక్తిని సంతరించుకోకుండా పొలం చుట్టూ బి.టి. కాని పత్తిని ఆశ్రయ పంటగా వేయాలి. అందుకై ప్యాకెట్టుతో 120 గ్రాముల విత్తనం వేరుగా ఇచ్చేవారు. చాలా పొలాలలో అది విత్తనే లేదు. పైగా హైబ్రిడ్ కాయలోని గింజలలో కొన్నింటికి బి.టి. జన్యువు ఉండదు, కొన్నింటికి ఉంటుంది. గింజలు తినే గులాబీ పురుగుకు అటువంటి కాయ నిరోధక శక్తిని అలవరచుకునే చోటుగా మారింది. దీర్ఘకాలిక రకాలు పురుగుకు ఆహారాన్ని నెలల తరబడి అందించాయి. మొదటి జన్యువును తట్టుకునే పురుగులు 2010 నాటికి గుజరాత్‌లో నిర్ధారణ అయ్యాయి. ఆ తరువాత రెండు జన్యువుల రకాలు కూడా వాటి ముందు నిలవలేదు. ఇక్కడ తప్పించుకున్న వికృతజీవి ఏదీ లేదు. విత్తకుండా పక్కన పడేసిన చిన్న ప్యాకెట్టు, పొడిగించిన పంటకాలం మాత్రమే ఉన్నాయి.

బి.టి. వంకాయ విషయంలో కథ మరొక దారి పట్టింది. 2009 అక్టోబరులో నియంత్రణ సంఘం అనుమతికి సిఫారసు చేసింది. కేంద్ర పర్యావరణ మంత్రి హైదరాబాదుతో సహా ఏడు నగరాలలో బహిరంగ సంప్రదింపులు జరిపి, 2010 ఫిబ్రవరి 9న విడుదలను నిలిపివేశారు. శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేకపోవడం, స్వతంత్ర పరీక్షలు చాలకపోవడం, రాష్ట్రాల వ్యతిరేకత ఆయన చూపిన కారణాలలో ముఖ్యమైనవి. బంగ్లాదేశ్ 2013లో ఆ పంటకు అనుమతి ఇచ్చింది.

‘కమల’ ముందున్న ప్రశ్నలు

ఇప్పుడు చర్చ మన సొంత వరి రకాల దాకా వచ్చింది. ఇతర జీవుల జన్యువు చివరకు మిగలని కొన్ని తరగతుల జన్యు సవరణ మొక్కలకు 1989 నియమావళిలోని ముఖ్య నిబంధనల నుండి 2022 మార్చిలో కేంద్రం మినహాయింపు ఇచ్చింది. 2025 మే నెలలో రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. బాపట్లలో రూపొందిన సాంబ మసూరి ఆధారంగా హైదరాబాదులోని భారతీయ వరి పరిశోధన సంస్థ తయారుచేసినది ‘కమల’. మార్టేరులో రూపొందిన ఎం.టి.యు. 1010 ఆధారంగా ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసినది ‘పూసా డి.ఎస్.టి. రైస్ 1’. కమల మాతృరకం కంటే సుమారు 20 రోజులు ముందుగా కోతకు వస్తుందని, 19 శాతం అధిక దిగుబడినిస్తుందని పరిశోధకుల ప్రకటన. ఆ ఫలితాలు ఆయా మండలాల నేలలలో, రైతుల సాగు పద్ధతులలో రుజువు కావలసి ఉంది.

ఈ రకాలు గ్రామాలకు చేరినప్పుడు ‘ఇది కూడా ఆ సినిమాలో చూపినటువంటిదేనా?’ అని అడిగే రైతు తప్పక ఉంటాడు. ఆ ప్రశ్నను అజ్ఞానంగా కొట్టివేసిన విస్తరణ అధికారి మాటను, తరువాత ఆశ్రయ పంట గురించి చెప్పినప్పుడు కూడా రైతు లెక్కచేయడు. మాతృరకంలో ఏ జన్యువును ఏ మేరకు మార్చారు, ఈ విత్తనాన్ని రైతు దాచుకోవచ్చునా, దానిపై ఎవరికి ఏ పేటెంటు హక్కులున్నాయి, విడుదల అనంతరం చీడపీడలను, గింజ నాణ్యతను ఎవరు ఎంతకాలం పరిశీలిస్తారు, ఆ వివరాలు ఎక్కడ లభిస్తాయి? వీటికి సమాధానాలు విత్తనంతో పాటే కృషి విజ్ఞాన కేంద్రాలకు చేరాలి. వెండితెర వేయని ఈ ప్రశ్నలనే ఇరవై ఏళ్ళ పత్తి సాగు మన ముందుంచింది. వరి విషయంలో వాటిని మొదటి విత్తుకు ముందే అడగవలసి ఉంది.